కర్మాగారపు ఒడుదొడుకులకు కారణమెవరు?
ఫారెస్టరు రచించిన "ఇండస్ట్రియల్ డైనమిక్స్" – గుణదోష పరిశీలన

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు ఇంటి సామానుల యంత్రములను తయారుచేయుచుండిరి. 1950 దశకములో ఆ కర్మాగారముల అధికారులను ఒక సమస్య వేధించుచుండెను. ఒకప్పుడు షిఫ్టులమీద షిఫ్టులు నడిపినను పని తెమలకుండెను. కొన్ని ఏండ్లు గడచుసరికి సగము మంది పనివారిని ఇంటికి పంపవలసి వచ్చుచుండెను. కారణమడిగినచో, వ్యాపారములో హెచ్చుతగ్గులు సహజమనియు, కొనుగోలుదారుల ఇచ్చ ఎవరి చేతిలోను ఉండదనియు సమాధానము వచ్చుచుండెను. ఆ సమాధానము నిజమైనచో చేయగలిగినది స్వల్పము. అది తప్పైనచో, ఎన్నో కుటుంబముల జీవనోపాధి ఒక లెక్కలోని పొరపాటుకు బలియగుచున్నదని ఒప్పుకొనవలెను.

ఈ ప్రశ్నను చేపట్టినవాడు జే ఫారెస్టరు (1918–2016). ఆయన నెబ్రాస్కా రాష్ట్రములో పశువులను పెంచు కుటుంబమున పుట్టి, విద్యుత్ ఇంజనీరై, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో "వర్ల్‌విండ్" అను తొలినాటి కంప్యూటరు నిర్మాణమునకు నాయకత్వము వహించెను. చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరములలో అంకెలను భద్రపరచు పద్ధతిని పెంపొందించినవారిలో ఆయన ముఖ్యుడు. 1956లో కంప్యూటరు నిర్మాణమును విడిచి, అదే సంస్థలోని పారిశ్రామిక నిర్వహణ విద్యాలయమున ఆచార్యుడయ్యెను.

ఇంతటి కంప్యూటరు నిపుణునకు కెంటకీ సమస్యలోని కీలకము కంప్యూటరు వలన దొరకలేదు. నోటుపుస్తకములో గడులు గీసి, నిలువ సరకు ఎంత, చేతిలోనున్న ఆర్డర్లు ఎన్ని, పనివారు ఎందరు అని వరుసగా వ్రాసి, అధికారులు మామూలుగా పాటించు పద్ధతుల ప్రకారము వారము తరువాత వారము పెన్సిలుతో లెక్కకట్టెను. బయటినుండి వచ్చు ఆర్డర్లు నిలకడగా ఉన్నవని భావించినను, పనివారి సంఖ్య ఊగిసలాడుట ఆ కాగితముపైననే కనబడెను. ఈ ఆలోచనను 1958లో "హార్వర్డ్ బిజినెస్ రివ్యూ" పత్రికలో వ్యాసముగా ప్రకటించి, 1961లో "ఇండస్ట్రియల్ డైనమిక్స్" అను పెద్ద గ్రంథముగా విస్తరించెను. కర్మాగారమును, సరకుల రవాణాను అంకెలతో అనుకరించి పరీక్షించు విద్యకు ఇది మూలగ్రంథములలో ఒకటి. నేటికిని దీని పాఠము పాతబడలేదు. దీని లోపమును పాతబడలేదు. రెండును తెలిసికొనుట అవసరము.

చెరువు, తూము

గ్రంథములోని భావన సులభము. చెరువులోనికి వాగు నీరు వచ్చును. తూముగుండ నీరు పోవును. వచ్చుదానికిని పోవుదానికిని గల భేదమే నీటిమట్టమును మార్చును. తూము ఎంత ఎత్తవలెనో కావలివాడు నీటిమట్టమును చూచి నిర్ణయించును. మట్టము నిర్ణయమును, నిర్ణయము ప్రవాహమును, ప్రవాహము తిరిగి మట్టమును మార్చుచుండును. ఫారెస్టరు కర్మాగారమును ఇట్టి చెరువుల వరుసగా చూచెను. నిలువ సరకు ఒక చెరువు. తీరని ఆర్డర్లు ఒక చెరువు. పనివారి సంఖ్య ఒక చెరువు. వానిని కలుపు కాలువలు ఉత్పత్తి, రవాణా, నియామకము, తొలగింపు మొదలగునవి. కాలువలో నీరు పారుటకు కాలము పట్టునట్లే ఆర్డరు చేరుటకు, సరకు తయారగుటకు, బండి వచ్చుటకు జాప్యము తప్పదు. కావలివాడు నేడు చూచు మట్టము నిన్నటి నిర్ణయముల ఫలితము. ఇది మరచి ఆత్రపడినచో ఒకసారి వరద, ఒకసారి కరవు కలుగును.

ఒక చిన్న లెక్క

గ్రంథములోని సమీకరణములు అనేకము. వాని సారమును కూడికలు, తీసివేతలతోనే గ్రహింపవచ్చును. ఒక చిల్లర దుకాణదారుడు, అతనికి సరకు పంపు టోకు వర్తకుడు, ఆ వర్తకునికి సరకు పంపు కర్మాగారము ఉన్నవనుకొందము. దుకాణములో వారమునకు 100 సబ్బుపెట్టెలు అమ్ముడగుచున్నవి. ముగ్గురును ఒక్కొక్క వారపు అమ్మకమునకు సరిపడు నిలువను ఉంచుకొందురు. సరకు ఏ వారము ఆర్డరు ఆ వారాంతముననే చేరును. ముగ్గురి నిర్ణయ సూత్రము ఒక్కటే: ఈ వారము ఎంత సరకు పోయెనో అంత తెప్పించుట, గిరాకి పెరిగినచో నిలువను గూడ అంత మేర పెంచుట, తగ్గినచో అంత మేర తగ్గించుట. ఇందులో మూర్ఖత్వ మేమియు లేదు. జాగ్రత్తగల వర్తకుడెవడైనను ఇట్లే చేయును.

రెండవ వారమునుండి దుకాణములో అమ్మకము 110కి పెరిగి, అక్కడనే నిలిచినది. దుకాణదారుడు అమ్మిన 110కి, నిలువకై 10 కలిపి 120 పెట్టెలు కోరును. టోకు వర్తకునికి గిరాకి 100 నుండి 120కి పెరిగినట్లు తోచును. అతడు 120కి 20 కలిపి 140 కోరును. కర్మాగారమునకు గిరాకి 40 పెరిగినట్లు తోచును. అది 140కి 40 కలిపి 180 పెట్టెలు తయారుచేయును.

మూడవ వారము దుకాణదారుడు 110 మాత్రమే కోరును. టోకు వర్తకునికి గిరాకి 120 నుండి 110కి పడిపోయినట్లగును. అతడు 10 తగ్గించి 100 కోరును. కర్మాగారమునకు గిరాకి 140 నుండి 100కి కూలినట్లగును. నిలువలో 40 తగ్గించుకొనుటకై 60 పెట్టెలే తయారుచేయును. నాలుగవ వారము టోకు వర్తకుడు 110 కోరగా కర్మాగారము 120 తయారుచేయును. అయిదవ వారమునకు అంతయు 110 వద్ద కుదుటపడును.

కొనుగోలుదారుడు ఒక్కసారి 10 శాతము పెంచి ఊరకుండెను. కర్మాగారము మాత్రము 180, 60, 120, 110 అని ఊగినది. రెండవ వారమున పనివారు చాలక క్రొత్తవారిని పిలిచిన అధికారి, మూడవ వారమున మూడింట రెండువంతుల మందిని పొమ్మనవలసి వచ్చును. అతనిని కారణమడిగినచో కొనుగోలుదారుని చంచలత్వమనియే చెప్పును. అతని కాగితములును ఆ మాటనే బలపరచును. ఏలయన అతనికి వచ్చిన ఆర్డర్లు నిజముగనే 140, 100, 110 అని మారినవి.

పొరపాటు ఎక్కడ జరిగినది? దుకాణదారుడు కోరిన 120లో 110 అమ్మకము, 10 నిలువ కొరకు. టోకు వర్తకుడు ఆ రెంటిని వేరుచేయక, 120 పెట్టెలును అమ్మకమేయని చదివెను. కర్మాగారము అదే తప్పును ఇంకను పెద్దదిగా చేసెను. అంకె సరియైనదే, దాని అర్థము తప్పు.

ఇప్పుడు సూత్రమును మార్చి చూడవలెను. దుకాణపు నిజమైన అమ్మకము ముగ్గురికిని తెలియును. ముగ్గురి నిలువలును పదేసి పెరుగవలెను గనుక మొత్తము 30 పెట్టెలు అదనముగా కావలెను. వానిని ఒక్కసారిగాక, వారమునకు 10 చొప్పున మూడు వారములలో నింపుదురు. అప్పుడు కర్మాగారము 120, 120, 120, ఆ పిమ్మట 110 తయారుచేయును. మొదటి పద్ధతిలో మూడు వారముల ఉత్పత్తి 180, 60, 120 – మొత్తము 360. రెండవ పద్ధతిలోను మొత్తము 360. సరకు అంతే, కాలము అంతే, కొనుగోలుదారుడు అతడే. ఒకచోట పనివారి జీవితము తలక్రిందులైనది. మరియొకచోట ఎవరికిని ఏమియు కాలేదు.

ఆ పెంపు ఒక్క పండుగ వారమునకే పరిమితమై, మూడవ వారమున అమ్మకము మరల 100కి దిగినచో ఏమగును? పాత సూత్రము ప్రకారము కర్మాగారము 180 తయారుచేసిన మరుసటి వారము పూర్తిగా మూసివేసినను 20 పెట్టెలు అదనముగా మిగిలిపోవును. క్రొత్త సూత్రము ప్రకారము ఉత్పత్తి 120, 90, 100. ముందేమి జరుగునో తెలియని వానికి నిదానమే రక్షయని ఈ లెక్క చెప్పుచున్నది.

మెచ్చదగినవి

ఫారెస్టరు గ్రంథములోని నమూనా ఇంతకంటె చాల వివరమైనది. అందు తపాలా జాప్యము, గుమాస్తాల పని, తయారీకి పట్టు కాలము అన్నియు చేరినవి. అక్కడ చిల్లర అమ్మకములలో 10 శాతపు పెరుగుదల, కొన్ని నెలలలో, కర్మాగారపు ఉత్పత్తిని సుమారు 45 శాతము పైకి లేపి మరల దింపును. అమ్మకములు ఋతువులనుబట్టి మారినపుడును, యాదృచ్ఛికముగా మారినపుడును ఏమగునో గూడ ఆయన పరీక్షించెను.

గ్రంథములోని అత్యుత్తమ భాగము దీని తరువాత వచ్చును. ఆ కాలపు అధికారులలో ఒక నమ్మకము ప్రబలియుండెను: కంప్యూటర్లు వచ్చి ఆర్డర్ల కాగితములు త్వరగా కదలినచో ఒడుదొడుకులు తగ్గునని. ఫారెస్టరు తన నమూనాలో గుమాస్తాల జాప్యమును తగ్గించి చూచెను. ఫలితము స్వల్పము. మధ్యనున్న ఒక వర్తక దశను తీసివేసి చూచెను; కొంత మేలు కలిగినది. నిలువలను సరిచేయు ఆత్రమును తగ్గించి, లోటును నెమ్మదిగా పూడ్చునట్లు చేసి చూచెను. ఒడుదొడుకులు బాగుగ తగ్గినవి. సమాచారము ఎంత త్వరగా వచ్చినదనుటకంటె, వచ్చిన సమాచారముతో ఏమి చేయుదురనునదే ముఖ్యమని దీని సారాంశము. కంప్యూటరు నిర్మించిన వాడే ఈ మాట చెప్పుట గమనింపదగినది.

రెండవ గుణము ప్రయోగబుద్ధి. రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షనాళికలో ప్రయోగము చేయును. కర్మాగారాధికారి నిజమైన కర్మాగారముతో ఆటలాడలేడు. ఒక సూత్రము చెడ్డదని తేలుటకు రెండు మూడేండ్లు పట్టును. ఈలోగా పనివారు వీధిని పడుదురు. అనుకరణము ఆ ఏండ్లను కాగితముపై కొన్ని గంటలకు కుదించును. ఫిలిస్ ఫాక్స్, అలెగ్జాండర్ ప్యూ అనువారు ఇందుకై "డైనమో" అను కంప్యూటరు భాషను రూపొందించిరి. ఫారెస్టరు తన సమీకరణములను దాచుకొనక గ్రంథములోనే ప్రకటించెను. ఎవరైనను వానిని మరల లెక్కకట్టి తప్పు పట్టవచ్చును. విజ్ఞానశాస్త్రమునకు తగిన నిజాయితీ ఇది.

లోపించినవి

అయినను గ్రంథమును చదువువాడు రెండుచోట్ల ఆగి ప్రశ్నింపవలెను.

మొదటి ప్రశ్న నమూనా నిజమని తెలియుట ఎట్లు అనునది. నమూనాలో పుట్టిన అల కర్మాగారములోని అలను పోలియుండుట గ్రంథములో బలమైన సాక్ష్యముగా కనబడును. కాని పోలిక వేరు, రుజువు వేరు. జ్వరము మలేరియాలో వచ్చును, టైఫాయిడులోను వచ్చును. జ్వరమును చూచినంతనే రోగము పేరు చెప్పరాదు, రక్తమును పరీక్షింపవలెను. 1968లో అన్సాఫ్, స్లెవిన్ అను ఇద్దరు విమర్శకులు "మేనేజ్‌మెంట్ సైన్స్" పత్రికలో నమూనాల పరీక్షను గురించి గట్టి ప్రశ్నలు లేవనెత్తిరి. ఫారెస్టరు అదే పత్రికలో సమాధానమిచ్చెను. నమూనాను దాని ప్రయోజనమునుబట్టి విచారింపవలెననియు, నిర్ణయములు ఎట్లు జరుగునో అంకెల పుస్తకములలోకంటె పనిచేయువారి మనస్సులలోనే ఎక్కువ తెలివిడి కలదనియు ఆయన వాదము. ఇందులో సత్యము లేకపోలేదు. కాని మనస్సులలోనున్నది సరిగా గ్రహింపబడినదో లేదో చెప్పుటకును ఒక పరీక్ష కావలెను గదా! గ్రంథము ఆ పరీక్షను పాఠకుని విశ్వాసమునకు విడిచిపెట్టినది.

ఈ అనుమానము ఉత్తది కాదని తరువాతి చరిత్ర చూపినది. 1997లో లీ, పద్మనాభన్, వాంగ్ అను పరిశోధకులు, చంటిబిడ్డల డైపర్ల అమ్మకము దుకాణములలో నిలకడగానున్నను వెనుక దశలలో ఆర్డర్లు ఊగిసలాడుటను ఉదాహరణముగా తీసికొని, అట్టి అలకు నాలుగు కారణములు చూపిరి. గిరాకిని ఆర్డర్లనుబట్టి ఊహించుట ఒకటి. పైన వేసిన లెక్క దానికే చెందినది. బండి నిండువరకు ఆగి ఒక్కసారిగా ఆర్డరు వేయుట రెండవది. ధర తగ్గినపుడు ఎక్కువ కొని దాచుట మూడవది. కొరత వచ్చునను భయముతో కావలసినదానికంటె ఎక్కువ కోరుట నాలుగవది. అల ఒక్కటే, కారణములు నాలుగు, ఒక్కొక్కదానికి మందు వేరు. ధర తగ్గింపుల వలన పుట్టిన అలకు నిలువల సూత్రమును ఎంత సవరించినను మూలము తొలగదు.

రెండవ ప్రశ్న ప్రవాహమును గురించి. ఫారెస్టరు సరకును నీటివలె అవిచ్ఛిన్నముగా పారు పదార్థముగా భావించెను. దేశమంతట వ్యాపించిన సరఫరాకు ఇది చాలును. కాని కర్మాగారము లోపల సరకు నీరు కాదు. ఒకదాని వెనుక ఒకటిగా వచ్చు విడివిడి వస్తువులు. ఒక యంత్రమువద్దకు సగటున గంటకు ఒక పని వచ్చుననియు, ఒక్కొక్క పనికి సగటున 50 నిమిషములు పట్టుననియు అనుకొందము. సగటులనుమాత్రము చూచిన యంత్రమునకు గంటకు పది నిమిషముల విరామము కలదు, వరుస ఏర్పడరాదు. కాని పనులు వచ్చు వేళలును, పట్టు కాలమును పూర్తిగా యాదృచ్ఛికములైనచో, వరుసల గణితము ప్రకారము సగటున నాలుగు పనులు ఆ యంత్రమువద్ద వేచియుండును. ఒక్కొక్క పని నాలుగు గంటలకు పైగా నిలిచిపోవును. యంత్రము ఖాళీగానున్న పది నిమిషములు ముందు గంటలోని రద్దీకి అక్కరకు రావు. సగటు ఈ సంగతిని దాచివేయును.

ఇట్టి సమస్యలకు మరియొక మార్గము అదే కాలమున తెరువబడెను. ఇంగ్లాండులోని షెఫీల్డు ఉక్కు పరిశ్రమలో కె. డి. టోచర్ 1950 దశకపు చివర ఒక్కొక్క పనిని, ఒక్కొక్క యంత్రమును విడిగా అనుసరించుచు, ఎప్పుడేమి జరుగునో యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయించు అనుకరణమును నిర్మించెను. 1961లో ఐ.బి.ఎం. సంస్థలో జెఫ్రీ గోర్డన్ ఇదే తీరుగల "జి.పి.ఎస్.ఎస్." అను పద్ధతిని వెలువరించెను. నేడు కర్మాగారములలో యంత్రముల అమరికను, గిడ్డంగుల పనిని పరీక్షించుటకు ఎక్కువగా ఈ మార్గమే వాడబడుచున్నది. ఊరి పటము వేరు, ఇంటి నక్షా వేరు అయినట్లు, ఈ రెండు మార్గములును వేరువేరు పనులకు. ఫారెస్టరు గ్రంథమును చదివి ఇంటి గోడలెక్కడ కట్టవలెనో తేల్చబూనుట పొరపాటగును.

ఆ తరువాత

మొదటి లోపమును పూరించినవాడు ఫారెస్టరు మార్గమున నడచిన జాన్ స్టెర్మన్. ఆ విద్యాసంస్థలో 1960 దశకమునుండి ఒక ఆట ఆడింపబడుచుండెను. దుకాణము, టోకు వర్తకుడు, పంపిణీదారుడు, కర్మాగారము అని నలుగురు కూర్చుండి, వారము వారము ఆర్డర్లు వేయుదురు. స్టెర్మన్ ఆటగాండ్ర నిర్ణయములను నమోదుచేసి, వానిలోని సూత్రమును దత్తాంశములనుండి గణించి 1989లో ప్రకటించెను. ఆటగాండ్రు తాము ఇదివరకే ఆర్డరు వేసి ఇంకను చేరని సరకును తగినంతగా లెక్కలోనికి తీసికొనకపోవుట ప్రధాన దోషమని తేలినది. ఫారెస్టరు ఊహించినదానికి ఇక్కడ రక్తపరీక్ష జరిగినది.

ఇప్పుడు యంత్రములకు అమర్చిన సంవేదకములు క్షణక్షణము అంకెలు పంపుచున్నవి. కర్మాగారమునకు కంప్యూటరులో "డిజిటల్ ట్విన్" అను కవలను నిర్మించి, నిజముగా జరుగుదానితో పోల్చి చూచుచున్నారు. ఇవి గొప్ప సాధనములు. ఫారెస్టరుకు దొరకని పరీక్షాసామగ్రి ఇవి ఇచ్చుచున్నవి. కాని కవల యంత్రము వేడిని, వేగమును ఎంత నిక్కచ్చిగా చూపినను, ఆర్డరు వేయువాని సూత్రము చెడ్డదైనచో ఆ చెడు మరింత వేగముగా జరుగును. పైలెక్కలోని 120 అను అంకె తపాలాలో వచ్చినను, తృటికాలములో వచ్చినను, దానిని అమ్మకమని చదివిన వర్తకుడు 140యే కోరును.

2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు అనేక కార్ల కంపెనీలు అర్ధవాహక చిప్పుల ఆర్డర్లను తగ్గించినవి. కార్ల గిరాకి అనుకొన్నదానికంటె త్వరగా కోలుకొన్నది. ఈలోగా చిప్పుల తయారీ శక్తి ఇతర వస్తువులకు మరలినది. 2021లో చిప్పులు లేక కార్ల కర్మాగారములు ఆగిపోయినవి. ఇది చదివినంతనే, "ఇదిగో ఫారెస్టరు చెప్పిన అల!" అనుట సులభము. కాని ఆ సంవత్సరములలో వ్యాధి, రవాణా చిక్కులు, ఇళ్లలో కంప్యూటర్ల గిరాకి, కర్మాగారములలో ప్రమాదములు అన్నియు కలిసివచ్చినవి. ఏది ఎంత మేర కారణమో వేరుచేయక తీర్పు చెప్పుట ఈ గ్రంథపు దోషమును మరల చేయుటయే.

కాబట్టి "ఇండస్ట్రియల్ డైనమిక్స్" ప్రశ్నించుట నేర్పిన గ్రంథముగా గొప్పది. తీర్పు చెప్పిన గ్రంథముగా అసంపూర్ణము. తప్పు బయటివాని మీదకు నెట్టుటకు ముందు తమ సూత్రమును తాము లెక్కకట్టి చూచుకొనవలెనని అధికారులకు నేర్పినది. ఆ లెక్క నిజముతో సరిపోయినంతమాత్రమున నిజమే కాదని మాత్రము తగినంతగా హెచ్చరింపలేదు. పనివారి బ్రతుకు ఈ లెక్కపై ఆధారపడియున్నపుడు ఆ హెచ్చరిక చిన్నది కాదు.

పాఠశాలలో దీనిని పరీక్షించుటకు కంప్యూటరు అక్కరలేదు. నలుగురు విద్యార్థులు, కొన్ని కాగితపు చీటీలు చాలును. ఒకడు కొనుగోలుదారుడు, మిగిలిన ముగ్గురు దుకాణము, టోకు వర్తకుడు, కర్మాగారము. ఒకరి లెక్క మరొకరికి చూపక మొదట పాత సూత్రముతోను, అమ్మకములను అందరికిని తెలిపి తరువాత క్రొత్త సూత్రముతోను ఆడింపవచ్చును. ఆట ముగిసిన పిమ్మట కర్మాగారముగా కూర్చున్న విద్యార్థిని, ఉత్పత్తి ఎందుకు ఊగెనని ఉపాధ్యాయుడు అడుగవలెను. అతడు చెప్పు కారణమును, కొనుగోలుదారుని చీటీలను ప్రక్కప్రక్కన పెట్టి తరగతికి చూపవలెను. ఆ రెంటికిని గల వ్యత్యాసమే ఈ గ్రంథము చెప్పదలచిన మాట.